అక్వేరియం చేపల ఎంపిక (దాచేపల్లి ప్రాంతం)

ఇంట్లో వాడకుండా మూలన పెట్టిన గాజు తొట్టెను మళ్లీ నింపాలనుకున్నప్పుడు, ఒకే నీటిలో ఒకదాన్నొకటి బాధపెట్టకుండా బతకగల చేపలను ఎంచుకోవాలి. చాలామంది కొట్లో రంగు చూసి కొంటారు. పల్నాడు జిల్లా దాచేపల్లిలో ముందు చూడవలసింది నీళ్లు. నాగులేరు పక్కనున్న ఈ ఊరిది సున్నపురాయి నేల. చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు, పిడుగురాళ్లలో సున్నం బట్టీలు ఉన్నది అందుకే. ఈ రాతి పొరల్లోంచి వచ్చే బోరు నీటిలో కాల్షియం లవణాలు ఎక్కువ. పప్పు త్వరగా ఉడకదు, సబ్బు నురగ పట్టదు, బకెట్ అంచున తెల్లటి చార కడుతుంది. ఆ చార కనిపించే ఇంట్లో ఏ చేప పెరుగుతుందన్నది అక్కడే సగం తేలిపోతుంది.

నీటికి తగిన చేపలు

గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లలను కనే గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ ఇలాంటి నీటిలో హాయిగా పెరుగుతాయి. దోమల లార్వాను తింటుందని గప్పీని 1908లోనే మన దేశానికి తెచ్చారు. మోలీకి లవణాలు తగ్గితే రెక్కలు ముడుచుకుని ఉన్నచోటే ఊగుతుంది. అందుకని 20 లీటర్ల క్యాన్లలో వచ్చే, లవణాలు తీసేసిన ఆర్వో నీళ్లతో తొట్టె నింపితే మేలు చేశామనుకుంటూ కీడు చేసినట్టే. అమెజాన్ మెత్తటి నీటికి అలవాటుపడ్డ నియాన్ టెట్రా, డిస్కస్ ఇక్కడి బోరు నీటికి తగవు.

తొట్టె అడుగున సున్నపురాయి ముక్కలు వేసినా గప్పీ, మోలీ వంటి చేపలకు నష్టం లేదు. కాల్చిన సున్నం సంగతి పూర్తిగా వేరు. గోడకు వేసే సున్నం నీటిలో పడితే క్షార గుణం ఒక్కసారిగా పెరిగి చేపలు చచ్చిపోతాయి.

ఎండాకాలం

పక్కనున్న రెంటచింతల పేరు ప్రతి వేసవిలో రాష్ట్రంలోని అత్యధిక ఉష్ణోగ్రతల వార్తల్లో వినిపిస్తుంది. దాచేపల్లి ఎండ కూడా అలాంటిదే. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 35 డిగ్రీలకు అది 7 మిల్లీగ్రాములకు దిగుతుంది. చల్లటి నీటి చేప అయిన గోల్డ్ ఫిష్ మేలో నీటిపైకి వచ్చి నోరు తెరుస్తూ కనిపించేది ఇందుకే. కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగితే ముందు పోయేదీ అదే. ఈ ఊళ్లో గోల్డ్ ఫిష్‌ను పెంచవద్దనే చెప్పాలి.

స్వభావం, పరిమాణం

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టెలో అంచుదాకా పోస్తే 56 లీటర్లు పడతాయి. దానికి ఒక మగ గప్పీ, రెండు ఆడ గప్పీలు, మూడు ప్లాటీలతో మొదలుపెడితే చాలు. మగవి ఎక్కువైతే ఆడవాటిని నిలవనీయకుండా వెంటాడతాయి. పిల్లలే వద్దనుకుంటే మగ గప్పీలను మాత్రమే వేసుకోవచ్చు. ఆడ గప్పీ ఒక్కటే వచ్చినా నెలల తరబడి పిల్లలను కనగలదు, ఎందుకంటే మగదాని వీర్యాన్ని ఒంట్లో దాచుకుంటుంది. ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ కలిస్తే సంకర సంతానం వస్తుంది.

టైగర్ బార్బ్ పొడవాటి తోకలను కొరుకుతుంది. ఏంజెల్ పెరిగాక గప్పీ పిల్లలను మింగేస్తుంది. రెండు మగ ఫైటర్లను ఒకచోట ఉంచకూడదు. అక్వేరియం కొట్లో వేలెడంత ఉన్నప్పుడు షార్క్ పేరుతో అమ్మేది చాలాసార్లు పంగాసియస్. కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువుల్లో తినడానికి పెంచుతూ జనం ఫంగస్ అని పిలిచే చేప అదే. మీటరు దాటి పెరగగల ఆ చేపకు ఇంటి తొట్టె చెర అవుతుంది.

పాత తొట్టెను సిద్ధం చేయడం

ఎండిపోయిన ఫిల్టర్‌లో మేలు చేసే బ్యాక్టీరియా మిగలదు. చేపల వ్యర్థంలోని అమ్మోనియాను మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే ఈ సూక్ష్మజీవులు మళ్లీ స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. క్షార గుణమున్న నీటిలో, వేడి పెరిగేకొద్దీ అమ్మోనియా మరింత విషమవుతుంది. కనుక దాచేపల్లిలో ఈ వారాలను దాటేయకూడదు. అన్నిటికంటే ముందు గాజు మీది చారను నిమ్మరసంతో తుడిచి, నీళ్లు నింపి, కారుతోందేమో ఒక రోజు చూడాలి.

పత్తి, మిరప పండే ఊళ్లలో ఇంకో జాగ్రత్త ఉంది. పైరుకు కొట్టే సైపర్‌మెత్రిన్ వంటి మందులు లీటరు నీటిలో మైక్రోగ్రాముల లెక్కన ఉన్నా చేపలను చంపుతాయి. మందు కలిపిన బకెట్‌ను ఎన్నిసార్లు కడిగినా తొట్టెకు వాడకూడదు. మందు కొట్టి వచ్చినవాళ్లు చేతులు శుభ్రంగా కడుక్కోకుండా మేత వేయకూడదు. పిచికారీ కాలంలో చేల పక్క కాలువ నీళ్లు తేకూడదు.

మిగిలిన చేపలు

గప్పీ నెలకోసారి పిల్లలను కంటుంది. తొట్టె నిండినప్పుడు మిగిలినవాటిని పెంచేవాళ్లకు ఇవ్వాలి, లేదా కొట్టుకు తిరిగివ్వాలి. నాగులేరులో వదలకూడదు, అక్కడి నుంచి కృష్ణలోకి చేరతాయి. గాజు శుభ్రం చేస్తుందని కొని, అడుగు దాటి పెరిగాక వదిలేసే సక్కర్ జాతి చేపలే నేడు డెవిల్ ఫిష్ పేరుతో ఆంధ్రప్రదేశ్ చెరువుల్లో, కాలువల్లో వ్యాపించాయి. వాటి ముళ్ల రెక్కలు జాలర్ల వలలను చించుతున్నాయి.