జామీను దుకాణమూ, నవ్వులూ

ఒక సంగతి మొదటే ఒప్పుకుంటాను. కిందటి వేసవిలో జవాబుపత్రాలు దిద్దవలసిన రాత్రులలో నేను జానెట్ ఇవానోవిచ్ నవలలు చదివాను. పక్కగదిలో పడుకున్నవాళ్ళు లేచేటంతగా నవ్వాను. అపరాధ పరిశోధక నవలను అభిరుచి చెడగొట్టే సరుకుగా తోసిపుచ్చడం మన విమర్శకు పాత అలవాటు. అలా తోసిపుచ్చిన పెద్దలలో కొమ్మూరి సాంబశివరావును చదవనివారు తక్కువేనని నా అనుమానం. కనుక నవ్వినందుకు సంజాయిషీ యివ్వను. ఆ నవ్వు యే నేలలో మొలిచిందో మాత్రం చూడదలచాను.

1994లో వచ్చిన “వన్ ఫర్ ది మనీ”తో మొదలైన యీ మాల ముప్పై నవలలు దాటింది. నాయిక స్టెఫనీ ప్లమ్‌ది అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు రాజధాని ట్రెంటన్. ఒక కంపెనీ తరఫున ఆడవారి లోదుస్తులు టోకున కొనే వుద్యోగం చేసేది. అది పోయింది. కారును అప్పులవాళ్ళు తోలుకుపోయారు. యింట్లో సామాను ఒక్కొక్కటే అమ్ముకు తింటూ, చివరకు గతిలేక బంధువు విన్నీ నడిపే జామీను దుకాణంలో పనికి కుదురుతుంది. జామీను మీద విడుదలై వాయిదాకు రాని ముద్దాయిలను పట్టి తేవడం ఆ పని. అటువంటివారిని అక్కడ బౌంటీ హంటర్లంటారు. ఆమె మొదటి వేట జో మొరెల్లి అనే పోలీసు. అతని జామీను లక్ష డాలర్లు. పట్టి తెస్తే ఆమెకు పదివేలు.

యీ లెక్క దగ్గర కొంచెం ఆగాలి. జామీను దుకాణమనేది మనకు వింతగా తోస్తుంది. మన కోర్టు ఆవరణలలో కిరాయి జామీనుదారులు లేరని కాదు, కాని అది చాటుమాటు బేరం. అమెరికాలో అది బోర్డు కట్టి నడిపే వ్యాపారం. 19వ శతాబ్దం చివర శాన్‌ఫ్రాన్సిస్కోలో మెక్‌డొనో సోదరులు కోర్టుకు దగ్గరలోని తమ సారాదుకాణం నుంచే దీనిని సాగించారు. ముద్దాయి సాధారణంగా జామీను మొత్తంలో నూటికి పది దుకాణదారుకు చెల్లిస్తాడు. మిగతాదానికి దుకాణదారు పూచీ పడతాడు. నిర్దోషి అని తేలినా ఆ పదీ తిరిగి రాదు. ముద్దాయి పారిపోతే పూచీ సొమ్ము మునుగుతుంది గనుక వేటగాడు కావలసివచ్చాడు. 1872లో అమెరికా సుప్రీంకోర్టు టేలర్, టెయింటర్ల వ్యాజ్యంలో పూచీదారుకు యిచ్చిన అధికారం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది: పారిపోయినవాణ్ణి యింకొక రాష్ట్రంలోకయినా వెంటాడవచ్చు, అవసరమైతే వాని యింటి తలుపు పగలగొట్టవచ్చు, కొత్త వారంటుతో పని లేదు. పోలీసుకు కూడా లేని చేయి అప్పిచ్చినవాడికి వచ్చింది. స్టెఫనీ తలుపు తట్టే ప్రతి ఘట్టం వెనుక, మనం నవ్వుతున్నా సరే, యీ తీర్పు నిలబడి వున్నది.

ఇక వూరు. డెలవేర్ నది వంతెన మీద, ట్రెంటన్ తయారుచేస్తుంది, ప్రపంచం తీసుకుంటుంది అనే అర్థంలో 1935 నాటి పెద్ద అక్షరాలు యిప్పటికీ వున్నాయి. గోల్డెన్ గేట్ వంతెనకు తీగలందించిన రోబ్లింగ్ కర్మాగారం అక్కడిదే. పింగాణీ కొలుములు సరేసరి. రోబ్లింగ్ కర్మాగారం 1970లలో మూతపడింది. స్టెఫనీ తల్లిదండ్రులుండే “బర్గ్” అంటే ఛేంబర్స్‌బర్గ్, యీ మిల్లులలో పనిచేసిన ఇటలీ, హంగరీ వలస కూలీల పేట. మిల్లు పోయినా పేట మర్యాద పోలేదు: ఆరింటికి భోజనం, వీధి వాకిట ముచ్చట్లు, శవాన్ని చూడబోవడమే వినోదంగా పెట్టుకున్న అమ్మమ్మ మేజర్. పని పోయిన వూరిలో మిగిలిన మర్యాద నుంచే ఇవానోవిచ్ హాస్యం పుడుతుంది. “హై ఫైవ్”లో ఫ్రెడ్ మామ చెత్త ఎత్తే కంపెనీతో రెండు డాలర్ల కోసం తగవుపడి మాయమవుతాడు. నేను యెక్కువ నవ్వింది అక్కడే. ఆ రెండు డాలర్లు యెంతటివో మా నాన్నగారి చిట్టాపుస్తకం చూసినవాణ్ణి గనుక నాకు తెలుసు.

కాని ఆ పేట గోడకు అవతల స్టార్క్ స్ట్రీట్ వున్నది. అది కల్పిత వీధి; నల్లవారి పేదరికం అందులో చాలావరకు భయానికీ తమాషాకీ పనికివచ్చే రంగస్థలం. 1948లో యిదే ట్రెంటన్‌లో ఆరుగురు నల్లవారికి, తెల్లవారే వున్న జ్యూరీ తీర్పు మీద మరణశిక్ష పడింది. సివిల్ రైట్స్ కాంగ్రెస్ దేశమంతటా ఆందోళన చేసింది. పై కోర్టు శిక్ష కొట్టివేయగా, 1951 పునర్విచారణలో నలుగురు నిర్దోషులుగా తేలారు. ఆ జ్ఞాపకం యీ నవలలలో నాకు యెక్కడా తగలలేదు. అయినా మొదటి నవలలో లూలా అనే వేశ్యను చావగొట్టి స్టెఫనీ మేడమెట్లకు కట్టివేసే ఘట్టంలో నవ్వు టక్కున ఆగిపోతుంది. ఆ తరువాత లూలా విన్నీ దుకాణంలో గుమాస్తాగా చేరి, వేటలో స్టెఫనీకి తోడవుతుంది. వుద్యోగం పోయిన తెల్ల యువతీ, వీధిని వదిలివచ్చిన నల్ల యువతీ ఒకే కారులో కూర్చుని తమకంటె దిక్కులేనివారిని వెతుక్కుంటూ పోతుంటారు, అదీ విన్నీ లాభం కోసం. రచయిత్రి దీనిని విషాదమని అనుకోదు. అనుకుంటే నవల బాగుపడేదా? నాకు నమ్మకం లేదు. ఆమెది అబద్ధమాడని నవ్వు. చూపు మాత్రం దుకాణం గుమ్మం దాటదు.

గుమ్మానికి అవతల 2013లో న్యూజెర్సీ జైళ్ళను గురించి ఒక నివేదిక వచ్చింది. ఖైదీలలో నూటికి పన్నెండుమంది, 2,500 డాలర్లో అంతకు తక్కువో కట్టలేక లోపల వున్నవారు. బీహారు జైళ్ళలో విచారణ లేకుండా యేళ్ళ తరబడి మగ్గినవారి సంగతి 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో విన్న మనకు యిది కొత్త కథ కాదు. 2014లో న్యూజెర్సీ వోటర్లు రాజ్యాంగ సవరణకు అంగీకరించారు. 2017 జనవరి 1 నుంచి ఆ రాష్ట్రంలో సొమ్ము జామీను దాదాపు లేకుండాపోయింది. దానితో జామీను దుకాణాల బేరమూ పడిపోయింది.

నవలలు మాత్రం ఆగలేదు. హామిల్టన్ అవెన్యూలో విన్నీ దుకాణం తెరిచే వున్నది; కానీ కొత్త ఫైళ్ళు స్టెఫనీ ముందుకు తోస్తూనే వున్నది.