కొల్లేరు చూడాలంటే వేళ తెలియాలి

ఏలూరు: రాష్ట్రంలో చూడదగిన ప్రకృతి తావులేవని అడిగితే అరకు, పాపికొండలు, తలకోన పేర్లు చప్పున వినిపిస్తాయి. ఏలూరును ఆనుకొని ఉన్న కొల్లేరు పేరు ఆ తరువాతే వస్తుంది. కారణం లేకపోలేదు. కొండ ఎప్పుడు వెళ్లినా కొండగానే కనిపిస్తుంది. కొల్లేరు అలా కాదు. కార్తీకంలో కనుచూపు మేర నీరు పరుచుకున్న చోటే వైశాఖం నాటికి నెర్రెలిచ్చిన నేల దర్శనమిస్తుంది. వేళ తెలియక వచ్చినవారు సరస్సు ఏదని అడిగి వెనుదిరుగుతుంటారు. ఈ పెరగడం, తరగడమే కొల్లేటి సొగసుకు మూలం. దాని చుట్టూ అలముకున్న వివాదానికీ అదే మూలం.

రెండు డెల్టాల నడుమ పల్లం

కృష్ణా, గోదావరి నదులు వేల ఏళ్లుగా ఒండ్రును మేటవేస్తూ డెల్టాలను సముద్రంలోకి నెట్టుకుపోగా, వాటి మధ్య మిగిలిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరుతో పాటు పదుల సంఖ్యలో మురుగు కాల్వలు, పంట కాల్వలు వచ్చి ఇందులో కలుస్తాయి. బయటకు పోయే దారి మాత్రం ఒక్కటే. అది ఉప్పుటేరు. వరద ఉధృతంగా ఉన్నప్పుడు సరస్సులోకి లక్షా పది వేల క్యూసెక్కుల వరకు నీరు చేరవచ్చని, ఉప్పుటేరు మోయగలిగేది అందులో ఆరేడో వంతు మాత్రమేనని ఇంజినీర్ల అంచనా. మిగిలిన నీటిని కొల్లేరే కొన్నాళ్లు తన కడుపులో దాచుకొని, నింపాదిగా సముద్రానికి వదలాలి. దీనిని వరదను సమతూకం చేసే జలాశయమని అనడంలోని అర్థమిదే.

కనుక కొల్లేటి విస్తీర్ణం ఇంత అని ఒక్క అంకెలో చెప్పడం కుదరదు. సముద్రమట్టానికి మూడు అడుగుల ఎత్తున నీరుంటే 135 చదరపు కిలోమీటర్లు. అయిదు అడుగులకు 308. పది అడుగులకు చేరితే 901. రెవెన్యూ భాషలో వీటినే మూడో కాంటూరు, అయిదో కాంటూరు, పదో కాంటూరు అంటారు. మట్టం రెండడుగులు మారితే సరస్సు రెట్టింపునకు మించి పెరుగుతుందన్నమాట. ఇక్కడి పల్లెల్లో ఈ లెక్క తెలియని ఇల్లు అరుదు. వర్షాకాలంలో పెదఎడ్లగాడి వంతెన వద్ద నీరెంత ఉందన్నదే లంక గ్రామాల్లో నిత్యం సాగే ముచ్చట.

గూడబాతుల వలస

కొల్లేటికి పేరు తెచ్చినవి పక్షులు. వాటిలో అగ్రస్థానం పెలికాన్‌లది. తెలుగులో గూడబాతు అంటారు. ముక్కు కింద సంచి వేలాడుతూ, నేల మీద బరువుగా కనిపించే ఈ పక్షి రెక్క విప్పిందంటే చూపు తిప్పుకోవడం కష్టం. కేరళకు చెందిన పక్షి శాస్త్రవేత్త కె.కె.నీలకంఠన్ 1946లో కొల్లేటి ప్రాంతంలోని ఆరేడు గ్రామంలో వీటి గూళ్ల సముదాయాన్ని గుర్తించారు. 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో దానిపై వ్యాసం ప్రచురించారు. ఊరి నడుమ ఉన్న చెట్లపై నిర్భయంగా పిల్లలను పెంచుకున్న ఆ పక్షులు, కొన్ని దశాబ్దాలకే ఆరేడును పూర్తిగా విడిచిపోయాయి.

మళ్లీ ఇవి కుదురుకున్నది కైకలూరు మండలం ఆటపాకలో. ఇక్కడ గూళ్లు కట్టుకునేందుకు చాలినన్ని చెట్లు లేకపోవడంతో అటవీశాఖ నీటి మధ్య ఇనుప స్టాండ్లు ఏర్పాటు చేసింది. పక్షులు వాటిని కాదనలేదు. ఒక్కో స్టాండుపై అంతస్తులుగా పేర్చిన గూళ్లు, వాటి అంచున నోళ్లు తెరిచిన పిల్లలు, చేపలతో వాలే తల్లులు శీతకాలంలో సందర్శకులకు కనువిందు చేస్తాయి. ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు కూడా ఇక్కడ విరివిగా కనిపిస్తాయి. చలికాలం రాగానే ఉత్తరాది దేశాల నుంచి పరజలు దిగుతాయి.

గూడబాతులను చూడాలంటే రాష్ట్రంలో నేలపట్టు, తేలినీలాపురం, ఉప్పలపాడు కూడా ఉన్నాయి. అయితే పక్షులతో పాటు వందలాది పల్లెల బతుకు కూడా ఇంతగా ఒకే నీటిమట్టంతో ముడిపడి ఉన్నది కొల్లేటిలోనే.

లంకల్లో జీవనం

సరస్సు మధ్యలోని మెరకలపై వెలసిన ఊళ్లు లంకలు. గుడివాకలంక, ప్రత్తికోళ్లలంక వంటి పేర్లే ఆ సంగతి చెబుతాయి. ఒకప్పుడు ఊరి నుంచి ఊరికి తాటిదోనెలే ఆధారం. నీరున్న రోజుల్లో వెదురు మావులతో కొర్రమీను, మట్టగిడస, ఇంగిలాయి పట్టేవారు. నీరు తీసిన రోజుల్లో అదే నేలలో వరి పండించేవారు. కిక్కిస గడ్డి ఇళ్ల కప్పుకు, పశువులకు అక్కరకొచ్చేది. ఇప్పుడు చాలా లంకలకు రోడ్లు పడ్డాయి. నాటు చేపల స్థానాన్ని చెరువుల్లో పెరిగే శీలావతి, బొచ్చె ఆక్రమించాయి. అక్కినేని కుటుంబరావు రాసిన 'కొల్లేటి జాడలు' నవల ఆ పాత జీవితాన్నే చిత్రించింది.

కొల్లేటికోటలోని పెద్దింట్లమ్మను ఈ ప్రాంతవాసులు జలదుర్గగా కొలుస్తారు. ఏటా ఫాల్గుణ మాసంలో జరిగే జాతరకు రెండు గోదావరులు, కృష్ణా ప్రాంతాల నుంచి భక్తులు తరలివస్తారు. చూడవచ్చినవారికి ఆ రోజుల్లో పక్షుల కంటే జనమే ఎక్కువ కనిపిస్తారని వేరే చెప్పనక్కరలేదు.

హద్దు తేలని సరస్సు

1970లలో ప్రభుత్వమే సహకార సంఘాల పేరిట కొల్లేటిలో చేపల చెరువులకు అనుమతినిచ్చింది. ఆ తరువాత ఆదాయం రుచి చూసిన పెట్టుబడిదారులు రంగప్రవేశం చేశారు. చెరువు గట్లు సరస్సును గళ్లుగళ్లుగా కోసేశాయి. గట్టు లేచిన ప్రతిచోటా వరద నీటికి అంతమేర జాగా తగ్గింది. 1999లో అయిదో కాంటూరు వరకు, అంటే సుమారు 77 వేల ఎకరాలను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002 ఆగస్టులో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రాంసర్ గుర్తింపు లభించింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట అభయారణ్యంలోని చెరువుల గట్లను తెగ్గొట్టారు.

గట్లు తెగినా చిక్కు వీడలేదు. అభయారణ్యం పరిధిలో జిరాయితీ పట్టాలున్న రైతులున్నారు. పరిహారం మాట తేల్చకుండా తమ భూమిని తమకు కాకుండా చేశారన్నది వారి ఆవేదన. చెరువుల్లో కూలికి పోయి బతికిన లంకవాసులకు ఆ పని కూడా లేకుండా పోయింది. హద్దును మూడో కాంటూరుకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. దానిని పరిశీలించిన అజీజ్ కమిటీ కుదింపు తగదని చెప్పింది. క్రమంగా చెరువులు కొన్ని తిరిగి లేచాయి. వ్యవహారం మరోమారు సుప్రీంకోర్టుకు చేరగా, 2025లో కేంద్ర సాధికార కమిటీ కొల్లేటిలో పర్యటించింది. 'కొల్లేటి చాంతాడు' అన్న నానుడి ఎందుకు పుట్టిందో గాని, ఈ దస్త్రానికి చక్కగా సరిపోతుంది.

ఈలోగా నీరు తన పని తాను చేసుకుపోతోంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. ఆ నీరంతా చివరకు చేరవలసింది కొల్లేటికే. చేరింది కూడా. ఏలూరు - కైకలూరు రహదారిపైకి నీరెక్కి లంక గ్రామాలు రోజుల తరబడి అవస్థలు పడ్డాయి. వేసవిలో బాధ మరో రకం. సరస్సులో మట్టం పడిపోగానే సముద్రపు పోటు నీరు ఉప్పుటేరు గుండా ఎదురెక్కి మంచినీటిని ఉప్పు చేస్తుంది. గుర్రపుడెక్క, పట్టణాల మురుగు సంగతి సరేసరి.

ఎప్పుడు, ఎలా?

2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో కైకలూరు ప్రాంతం కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. కొల్లేటిలో అధికభాగం ఇప్పుడు ఈ జిల్లాలోనే ఉంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు సందర్శనకు అనువైన కాలం. ఆటపాక వెళ్లేవారు ఏలూరు నుంచి రోడ్డు మార్గంలో కైకలూరు చేరుకోవాలి. ఈ దారి సరస్సు మధ్యగా సాగుతుంది కాబట్టి ప్రయాణమే సగం విహారం. గుడివాడ - భీమవరం రైలు మార్గంలో కైకలూరు స్టేషన్ ఉంది. తాడేపల్లిగూడెం వైపు నుంచి వచ్చేవారు గణపవరం, నిడమర్రు మీదుగా సరస్సు తూర్పు అంచును చూడవచ్చు. ఇటు పక్షి కేంద్రం వంటి ఏర్పాట్లు లేవు గాని, రద్దీ తక్కువ. ఎండ ముదిరాక పక్షులు చాలావరకు మేతకు వెళ్లిపోతాయి. తెల్లవారి ఎనిమిది గంటలలోపు గాని, సాయంత్రం పొద్దువాలాక గూళ్లకు మళ్లే వేళ గాని వెళ్లడం మేలు. గూళ్ల దగ్గర కేకలు వేస్తే తల్లి పక్షులు లేచిపోయి పిల్లలు ఎండకు మాడతాయి. బైనాక్యులర్ వెంట ఉంటే గట్టు మీది నుంచే అన్నీ కనిపిస్తాయి.