క్రీడాప్రాంగణాలపై విమానశ్రేణి: సమయపాలన, భద్రత

హైదరాబాద్: 2007 అక్టోబరులో ప్రపంచ సైనిక క్రీడలకు ప్రధాన వేదికగా నిలిచిన గచ్చిబౌలి బాలయోగి స్టేడియం వంటి ప్రాంగణంపై విమానశ్రేణిని నడపడంలో మొదటి చిక్కు సమయపాలన. గంటకు 540 కిలోమీటర్ల వేగంతో వచ్చే విమానం సెకనుకు 150 మీటర్లు సాగుతుంది. జాతీయగీతం 10 సెకన్లు ఆలస్యమైతే, అది ముగిసేసరికి శ్రేణి ప్రాంగణం దాటి కిలోమీటరున్నర పోయి ఉంటుంది. అందుచేత విమానాలు దూరాన చక్కర్లు కొడుతూ వేచి ఉంటాయి. ప్రాంగణంలోని అధికారి రేడియోలో కార్యక్రమ గతిని తెలుపుతుండగా నాయక విమానం లెక్క చూసుకుని బయలుదేరుతుంది.

సైబరాబాద్‌లో ఎత్తైన భవనాలు, శంషాబాద్ విమానాల రాకపోకలు, దుండిగల్, హకీంపేట శిక్షణ విమానాలు కూడా లెక్కలోకి వస్తాయి. ఇవి లాంఛనపు జాగ్రత్తలు కావు. 2010 మార్చి 3న బేగంపేట వైమానిక ప్రదర్శన సందర్భంగా నౌకాదళ సాగర్ పవన్ బృందపు విమానం బోయినపల్లిలో నివాస భవనంపై కూలి ఇద్దరు నౌకాదళ అధికారులు మరణించారు. జనసమూహం పైన పల్టీలు లేకుండా తిన్నగా సాగిపోవడమే మేలైన పద్ధతి.