బోరు నీళ్ల ఇంటికి ఏ సోలార్ వాటర్ హీటర్?

సోలార్ వాటర్ హీటర్ కొనేవారు ధర అడుగుతారు, ఎన్ని లీటర్లో అడుగుతారు. నీళ్ల సంగతి మాత్రం అడగరు. మన పల్లెల్లో చాలా ఇళ్లకు బోరు నీళ్లే ఆధారం. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంటే, అదే పొర హీటర్‌లోనూ కడుతుంది.

మార్కెట్లో రెండు రకాలున్నాయి. ఫ్లాట్ ప్లేట్ రకంలో అద్దం కింద ఉండే సన్నటి రాగి గొట్టాల్లో నీళ్లు వేడెక్కుతాయి. ఇది గట్టిది, పై అద్దం పగిలినా పని పూర్తిగా ఆగదు. కానీ ఉప్పు నీళ్లకు గొట్టాలు పూడుకుపోతాయి, శుభ్రం చేయడం కష్టం. గాజు ట్యూబుల రకం, అంటే ఈటీసీ, ధర తక్కువ. ట్యూబులు వెడల్పుగా ఉంటాయి కనుక పొర పట్టినా ఊడదీసి కడగవచ్చు. అయితే ఒక్క ట్యూబు పగిలినా ట్యాంకులో నీళ్లు కారిపోతాయి. కోతుల బెడద ఉన్న ఊళ్లో పైన వెడల్పు కళ్ల జాలీ వేయించక తప్పదు.

నీటి కఠినత్వాన్ని గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో పరీక్ష చేయించండి. లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటితే ఈటీసీయే మేలు. ఫ్లాట్ ప్లేటే కావాలనుకుంటే హీట్ ఎక్స్ఛేంజర్ ఉన్నది అడగండి. అందులో బోరు నీళ్లు రాగి గొట్టాల్లోకి వెళ్లవు. ఉప్పు నీళ్లకు స్టీలు ట్యాంకు కూడా వెల్డింగ్ దగ్గర తూట్లు పడవచ్చు. లోపల గాజు పూత, మెగ్నీషియం రాడ్ ఉన్న ట్యాంకు ఎంచుకోవాలి. రాడ్ అరిగిపోయే వస్తువు. ఏటా చూపించి, అరిగితే మార్పించాలి.

60 డిగ్రీల నీళ్లకు దాదాపు అంతే చన్నీళ్లు కలుపుకుంటాం కాబట్టి నలుగురైదుగురి స్నానాలకు 100 లీటర్లు సరిపోతాయి. ఆ 100 లీటర్లను 25 నుంచి 60 డిగ్రీలకు కాచాలంటే గీజరుకు సుమారు 4 యూనిట్ల కరెంటు కావాలి.

హీటర్‌ను దక్షిణం వైపు బిగించాలి. వేసవిలో నీడ లేని చోట డిసెంబరులో చెట్టు నీడ రావచ్చు, ముందే చూసుకోండి. చన్నీళ్ల ట్యాంకు హీటర్ ట్యాంకు కన్నా ఎత్తులో ఉండాలి. వేడి నీళ్లకు సీపీవీసీ పైపులే వాడాలి, బాత్‌రూమ్‌కు దూరం తగ్గించాలి. 15 మీటర్ల ముప్పావు అంగుళం పైపులో సుమారు 4 లీటర్ల నీళ్లు నిలిచి చల్లారుతాయి. అవి పారబోశాకే వేడి నీళ్లు వస్తాయి.

సబ్సిడీ వస్తుందని అడ్వాన్సు అడిగే ఏజెంట్లతో జాగ్రత్త. పీఎం సూర్యఘర్ పథకం కరెంటు తయారుచేసే ప్యానెళ్లకే, వాటర్ హీటర్లకు కాదు. ట్యాంకుకు, ట్యూబులకు గ్యారంటీ ఎన్నేళ్లో విడివిడిగా బిల్లు మీద రాయించుకోండి.