పండ్రెండు గంటల పరీక్ష

ఆంగ్లము మాతృభాష కానివారి ప్రావీణ్యమును కొలుచుటకు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము 1913వ సంవత్సరమున నొక పరీక్షను నెలకొల్పెను. మొత్తము 12 గంటలు! అంతసేపు కూర్చుండుటయే యొక పరీక్ష గదా. వ్యాసమునకు 2 గంటలు, సాహిత్యమునకు 3, ఫ్రెంచి, జర్మను భాషలలో నొకదానితో ననువాదములు, ధ్వనిశాస్త్రమునకు గంటన్నర, పిదప శ్రుతలేఖనము, పఠనము, సంభాషణము. ఆ యేట పరీక్షకు వచ్చినవారు ముగ్గురు. ఒక్కరును ఉత్తీర్ణులు కాలేదు.

వారిని నేను తప్పుపట్టజాలను. నాలుక యెచ్చట నానిన నేధ్వని పుట్టునో వ్రాయుట వేఱు, పలుకుట వేఱు. ఈతను వల్లించినవాఁడు చెఱువు దాటునా? నేనును ఒకప్పుడు పరీక్షలకుఁ బోవు పై తరగతి విద్యార్థులచే నుచ్చారణ నియమములను వల్లింపఁజేసితిని. ఎదుటివాఁడు పలుకరింపఁగానే వారికి నోరు పెగలలేదు. ఆ తప్పు నాది.

కేంబ్రిడ్జివారు 1932లో ధ్వనిశాస్త్ర పత్రమును తొలగించిరి. సంభాషణము మాత్రము నేఁటికిని ఆ పరీక్షలో నున్నది.