గది దాటని కుబేరుడు

మదనపల్లె నుండి పుంగనూరు మీదుగా కుప్పం వెళ్ళే దారిలో, వేసవి వచ్చిందంటే ఎటు చూసినా బోరుబండ్లే. తిరుచెంగోడు నుండి వచ్చిన ఆ లారీల చుట్టూ రాతిపొడి తెల్లగా లేస్తుంది. నీటికోసం రాతిని తొలిచే ఆ మోత విన్నప్పుడల్లా, చమురుకోసం రాతిని తొలిచి కోట్లు గడించిన ఒక అమెరికా కుటుంబం నాకు గుర్తుకు వస్తుంది.

టెక్సాసులో హోవర్డ్ హ్యూస్ అనే ఆయన, పళ్ళున్న రెండు శంకువులు తిరుగుతూ రాతిని నలిపే బిట్టుకు 1909లో పేటెంటు పొందాడు. (మన బోరుబండి సుత్తిబిట్టు వేరే జాతి లెండి.) బిట్లను అమ్మలేదు, అద్దెకిచ్చాడు! 1924లో ఆయన పోయేనాటికి అదే పేరుగల కొడుకుకు 18 ఏళ్ళు. తల్లి అంతకు రెండేళ్ళ ముందే పోయింది. ఆస్తి తండ్రిదైతే, సూక్ష్మక్రిముల భయం తల్లిది. కొడుకుకు రెండూ దక్కాయి.

సినిమాలు తీశాడు. 1938లో 91 గంటల్లో విమానంలో భూమిని చుట్టివచ్చాడు. 1946లో విమానం కూలి ఒళ్ళంతా కాలింది. ఆ నొప్పికి మొదలైన మత్తుమందు ఇక వదలలేదు. 2004లో వచ్చిన 'ఏవియేటర్' చిత్రం 1947 దగ్గరే ఆగిపోయింది. నా మనసు ఆగేది ఆ తరువాతి కథ దగ్గర.

1966 నవంబరులో లాస్ వెగాస్‌లో ఒక హోటలు పై అంతస్తులో దిగాడు. ఖాళీ చేయమంటే హోటలునే కొనేశాడు. నాలుగేళ్ళు గది దాటలేదు. కిటికీలకు నల్లని తెరలు. ఏ వస్తువునైనా కాగితపు రుమాళ్ళతో పట్టుకుని అందించాలి. డబ్బా ఎలా తెరవాలో పేజీలకొద్దీ ఆజ్ఞలు. అంత శుభ్రతను కోరినవాడు స్నానం మానేశాడు, గోళ్ళు తీయనివ్వలేదు.

మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. 1915లో వెలసిన ఆ క్షయ చికిత్సాలయంలోనూ మనిషిని క్రిమి పేరిటే లోకానికి దూరంగా ఉంచేవారు. కానీ అక్కడ గాలి, వెలుతురు ఉండేవి. వైద్యుడు చెబితే రోగి వినేవాడు. హ్యూస్ దగ్గర రోగి చెబితే వైద్యుడు వినేవాడు, జీతం రోగిదే కాబట్టి. ఆయనను కృశింపజేసింది జబ్బు ఒక్కటే కాదు, కాదనేవాడు లేని కొలువు కూడా అని నా నమ్మకం. రేమండ్ ఫౌలర్ అనే మనస్తత్వవేత్త ఆయన జీవితాన్ని తరచి చూసింది చనిపోయాకనే. 1953లో వైద్య పరిశోధనకు పెద్ద సంస్థను నెలకొల్పినదీ ఈ హ్యూసే!

1976 ఏప్రిల్ 5న మెక్సికో నుండి హ్యూస్టనుకు తీసుకువస్తుండగా విమానంలోనే ప్రాణం పోయింది. మూత్రపిండాలు చెడిపోయాయి. ఆరడుగులు దాటిన మనిషి, 42 కిలోలు. చేతుల్లో విరిగిన సూదిముక్కలు. ఆయనేనని తేల్చడానికి వేలిముద్రలు చూడవలసి వచ్చింది.