గోల్‌బజార్ వైసు అమెరికాది కాదు

ఖరగ్‌పూర్ గోల్‌బజార్ వెనక సందులోని పాత రిపేరు షాపు ఈ ఏడాది ఖాళీ అవుతోంది. మథురాకాటి, నింపురా తెలుగువాళ్లలో ఆ షాపు మెట్టు ఎక్కని ఇల్లు ఉండదు. షాపుతో పాటు అందులోని పెద్ద బెంచ్ వైసు మీద తగాదా మళ్లీ లేచింది. అది యుద్ధకాలంలో అమెరికా సైన్యం వదిలేసి పోయిన సామానని పూజల సంచికలో ఒకాయన రాశారు. మనవాళ్ల సావనీరులో కూడా అదే మాట మళ్లీ అచ్చయింది. ఇద్దరిలో ఎవరూ ఆ వైసు మీద ఒక్క కొలత తీసుకోలేదు.

అమెరికా కథ గాల్లోంచి పుట్టిందని నేను అనను. 1944లో బి-29 బాంబర్ల ఇరవయ్యో కమాండ్ ఖరగ్‌పూర్‌లోనే మకాం వేసింది. చాకులియా, పియార్డోబా, దుధ్‌కుండీ విమానస్థలాలన్నీ దాని కిందివే. బి-29లు చేసిన మొట్టమొదటి దాడికి ఆ జూన్ 5న విమానాలు లేచింది మన చుట్టుపక్కల నుంచే. వాళ్లు బాంబులు వేసింది కూడా బ్యాంకాక్‌లోని రైల్వే కార్ఖానా మీద. మరుసటి ఏడాదే ఆ బి-29లు మేరియానా దీవులకు తరలిపోయాయి. పోతూ సామాను అమ్ముకున్నారంటే నమ్ముతాను. ఆ సామానులో ఈ వైసు ఉందంటే మాత్రం ఒప్పుకోను, అది మన రైల్వేదంటాను.

నా వాదన ఒక విరిగిన బోల్టు మీద నిలబడింది.

ఆ వైసు తల అటూ ఇటూ తిరుగుతుంది. తిప్పిన చోట నిలపడానికి అడుగు దిమ్మలో అరంగుళం బోల్టు ఉంటుంది. పోయిన వానాకాలం ఎవరో పైపు తొడిగి బిగించేసరికి అది లోపలే తెగిపోయింది. షాపు కుర్రాడు సులువైన దారి చెప్పాడు: మొత్తం తొలిచేసి, రంధ్రం పెద్దది చేసి, పద్నాలుగు మిల్లీమీటర్ల కొత్త త్రెడ్డు కొట్టేద్దాం అని. వైసు పనికొస్తుంది, నిజమే. కానీ బోల్టును ఎవరైనా ఎప్పుడైనా మార్చి ఉండొచ్చు. పోత ఇనుములో కోసిన త్రెడ్డు అలా కాదు, అది చేసిన రోజుది. పేరు, నంబరు చెరిగిపోయిన ఆ వైసుకు మిగిలిన శాసనం అదొక్కటే. దాన్ని తొలిచేస్తే ఇక ఎవరి మాటా తేలదు.

అందుకే రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరుగా రిటైరైన మా మావయ్యను పిలిచాం. ఆయన ముందు విరిగిన చోట ఎగుడుదిగుడును సన్నటి ఉలితో చదును చేశారు. కిరసనాయిలులో ఇంజను ఆయిలు కలిపి పోసి రాత్రంతా వదిలేశారు. మర్నాడు సెంటర్ పంచ్‌తో నట్టనడుమ చుక్క పెట్టడానికే చాలాసేపు తీసుకున్నారు. చుక్క ఓ పక్కకు జరిగితే డ్రిల్లు గట్టి బోల్టును వదిలి మెత్తటి పోత ఇనుములోకి జారుతుంది, త్రెడ్డు అక్కడే పోతుంది. మూడు మిల్లీమీటర్లతో మొదలుపెట్టి ఆరు దాకా తొలిచారు. రంధ్రం చుట్టూ దిమ్మను గ్యాసుతో మెల్లగా వేడిచేశారు, మంట ఒకే చోట నిలిపితే పోత ఇనుము బీట తీస్తుంది కాబట్టి. ఆ తర్వాత ఎడమ చుట్ల ఈజీ అవుట్ దింపారు. దాన్ని బోల్టు విప్పే వైపు తిప్పేకొద్దీ లోపల ఇంకా బిగుస్తుంది, చివరికి బోల్టును తనతో లాక్కొస్తుంది.

పక్కన సుత్తి పట్టుకున్న కుర్రాడితో ఆయన అన్న మాట: "గట్టిగా ఎయ్యకు బావూ. ఈజీ అవుట్ ఇరిగిపోతే దాన్ని ఏ డ్రిల్లూ తినదు, మరేటీ సెయ్యలేం." నిజమే, అది డ్రిల్లంత గట్టి ఉక్కు. పావు చుట్టు విప్పడం, కొంచెం వెనక్కి తిప్పడం, మళ్లీ నూనె. అలా సాగిసాగి ముక్క కిర్రుమంటూ పైకొచ్చింది.

ముక్క మీద అంగుళానికి చుట్లు కొలిచే పిచ్ గేజ్ పెట్టాం. 13 నంబరు రేకు కూర్చోలేదు. 12 నంబరు రేకు సందు లేకుండా కూర్చుంది.

విషయమంతా ఇక్కడే ఉంది. బ్రిటన్‌లో 1841లో జోసెఫ్ విట్‌వర్త్ కుదిర్చిన త్రెడ్డుకూ అమెరికా ముతక త్రెడ్డుకూ చాలా సైజుల్లో అంగుళానికి చుట్లు ఒక్కటే. అరంగుళం దగ్గర మాత్రం తేడా వస్తుంది. విట్‌వర్త్‌ది 12, అమెరికాది 13. విట్‌వర్త్ చుట్టు కోణం 55 డిగ్రీలు, అంచులు గుండ్రం. అమెరికాది 60 డిగ్రీలు. ఖాళీ అయిన రంధ్రాన్ని బ్రష్షుతో తుడిచి విట్‌వర్త్ బోల్టు పెడితే వేళ్లతోనే అడుగు దాకా దిగింది. అమెరికా కొలత బోల్టు మొదటి చుట్లలోనే పట్టేసింది. బోల్టు మార్చారేమో అనేవాళ్లకు జవాబు ఆ రంధ్రమే.

అరంగుళం విట్‌వర్త్ దేశమంతా ఉండేది కదా, దాంతో రైల్వేదని ఎలా చెబుతారని అడగొచ్చు. త్రెడ్డు బ్రిటిష్ కొలతదని మాత్రమే చెబుతుంది, ఒప్పుకుంటాను. మిగతాది ఊరు చెప్పాలి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్ 1904 నాటికే ఇక్కడ నడుస్తోంది. శ్రీకాకుళం, విజయనగరం, గంజాం నుంచి వచ్చిన మనవాళ్లు అందులో ఫిట్టర్లు, టర్నర్లు, మోల్డర్లు అయ్యారు. 1927లో ఉద్యోగాల కోత మీద అక్కడ సమ్మె జరిగినప్పుడు కార్మికుల పక్షాన నిలిచిన నాయకుల్లో మన బరంపురం వి.వి. గిరి ఒకరు. ఆ రిపేరు షాపు పెట్టింది కూడా వర్క్‌షాప్‌లో పని నేర్చిన మనిషే. ఇంత దగ్గర దారి ఉండగా ఏడాదో ఏడాదిన్నరో ఉండి వెళ్లిన సైన్యం దాకా ఎందుకు పోవాలి?

నాకు బాధ కలిగించేది ఈ అలవాటే. ఊరి గురించి రాసినవాళ్లకు హిజ్లీ నిర్బంధ శిబిరం గుర్తుంటుంది, 1951లో అదే భవనంలో మొదలైన ఐఐటీ గుర్తుంటుంది, ప్లాట్‌ఫారం పొడవు గుర్తుంటుంది. వర్క్‌షాప్ సైరన్‌కు లేచి సైరన్‌కు ఇల్లు చేరిన వేల కుటుంబాలు ఒక వాక్యంలో అయిపోతాయి. వాళ్ల చేతి పనిముట్టు దొరికితే దానికి కూడా పరాయి చిరునామా అంటిస్తారు.

వైసును తూకానికి అమ్మేస్తారన్న మాట వినిపిస్తోంది. తెలుగు సంఘం పెద్దలు దాన్ని కొని హాల్లో పెట్టాలి. విరిగిన ముక్కను పక్కనే ఉంచాలి, రంధ్రంలో కొత్త త్రెడ్డు కొట్టనివ్వకూడదు. వచ్చే సావనీరులో అమెరికా మాట తీసేసి, అరంగుళం బోల్టు, అంగుళానికి 12 చుట్లు అని అచ్చు వేయాలి. ఎవరికైనా అనుమానముంటే గేజ్ తెచ్చుకుని ఎదురుగా కొలుచుకోవచ్చు.